టెక్ సందేహాలు: రెయిడ్ బాగానే ఉంది, సర్వర్ మాత్రం లేవట్లేదు

ఈ వారం సర్వర్ల ప్రశ్నలే తీసుకున్నాను. చిన్న ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో సర్వర్ లేవకపోతే ముందుగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". హార్డ్‌వేర్ రెయిడ్, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా చూపించే కార్డు ఉన్న మెషీన్ దగ్గర ఆ మాట అన్నవాళ్లను కాసేపు టీకి పంపించండి. ఈలోపు ఇవి చూడండి. ఆ కంట్రోలర్ కార్డుకు వాల్యూమ్, అంటే అది కలిపి తయారు చేసిన డిస్కు, కనిపిస్తోందా? కనిపిస్తే, బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) బూట్ కోసం, అంటే మెషీన్ లేవడానికి, దాన్నే ఎంచుకుంటోందా? ఎంచుకున్నా ఆగిపోతే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ కార్డు డ్రైవర్ ఉందా? ఎక్కడ ఆగిందో తేలేదాకా స్క్రీన్ మీద దేనికీ 'ఎస్' నొక్కొద్దు.

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ షాపు. బిల్లింగ్ సర్వర్‌లో రెండు డిస్కుల రెయిడ్ 1 (రెండింట్లోనూ ఒకే డేటా) మీద విండోస్ ఉంది. చోటు చాలక నాలుగు 4 టీబీ డిస్కులు కొని రెయిడ్ 5 (ఒక డిస్కంత చోటు పక్కనపెట్టి, ఒక డిస్కు పోయినా డేటా నిలిపే పద్ధతి) వేయించాం. అప్పటి నుంచి 'నో బూట్ డివైస్' అంటోంది. కొత్త డిస్కులు తీసేస్తే మామూలుగా లేస్తోంది. సర్వీసు కుర్రాడు విండోస్ మళ్లీ వేయాలంటున్నాడు. (విజయవాడ)

జవాబు: వేయొద్దు. కొత్త డిస్కులు తీస్తే లేస్తోందంటే మీ విండోస్‌కు ఏమీ కాలేదు. కొత్త వాల్యూమ్ తయారవగానే బూట్ వరసలో అది ముందుకొచ్చి కూర్చున్నట్టుంది. పాత పద్ధతి బయోస్‌లో, అంటే లెగసీ మోడ్‌లో, కంట్రోలర్ కార్డు తన వాల్యూమ్‌లలో ఒకదాన్ని బూట్ డ్రైవ్‌గా ముందు పెడుతుంది. ఖాళీ రెయిడ్ 5ను ముందు పెడితే అందులో విండోస్‌ను లేపే బూట్‌లోడర్ ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది?

కంట్రోలర్ సెటప్‌లోకి వెళ్లండి. పాత డెల్ పెర్క్ కార్డులకు ఆన్ చేసేటప్పుడు కంట్రోల్ ఆర్, పాత ఎల్ఎస్ఐ మెగారెయిడ్‌కు కంట్రోల్ హెచ్. హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి స్మార్ట్ స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ తెరవాలి. అక్కడ బూట్ వాల్యూమ్ ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. పాత రెయిడ్ 1ను ఎంచుకుని సేవ్ చేయండి. చాలా కార్డుల్లో ఆ దగ్గర్లోనే 'ఇనీషియలైజ్' కూడా ఉంటుంది. అది బూట్ కోసం తయారు చేయడం అనుకుని నొక్కేవాళ్లున్నారు. 'ఫాస్ట్' అని ఉన్నా సరే, వాల్యూమ్ మొదటి భాగం మీద సున్నాలు రాసేస్తుంది. పార్టిషన్ వివరాలు ఉండేది సరిగ్గా అక్కడే.

ఇంకో మాట. కొత్త వాల్యూమ్‌ను డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తెరిచినప్పుడు ఎంబీఆరా, జీపీటీనా (పార్టిషన్ వివరాలు రాసే పాత, కొత్త పద్ధతులు) అని అడుగుతుంది. జీపీటీ తీసుకోండి. ఎంబీఆర్‌లో సెక్టార్ నంబరుకు 32 బిట్లే చోటు. సెక్టారుకు 512 బైట్ల లెక్కన 2 టీబీ దాటి వాడుకోలేరు. నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్ 5లో మీకు దక్కేది 12 టీబీ. విండోస్ దాన్ని 10.9 అని చూపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా అంతే, టెన్షన్ పడొద్దు. డేటాకు మాత్రమే వాడుతున్నారు కాబట్టి బయోస్‌ను లెగసీ నుంచి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చే పనిలేదు. మార్చితే ఎంబీఆర్ మీద ఉన్న మీ పాత విండోస్ కూడా లేవదు, అప్పుడు రెండు సమస్యలు అవుతాయి.

మీరు తీసిన డిస్కుల్ని తిరిగి పెట్టినప్పుడు కార్డు వాటిని 'ఫారిన్' అనొచ్చు. అలా అంటే కింది జవాబు చదవండి.

ప్రశ్న: పిడుగు దెబ్బకు మా ల్యాబ్ సర్వర్ మదర్‌బోర్డు, రెయిడ్ కార్డు రెండూ పోయాయి. అలాంటివే వేరేవి వేయించాం. ఇప్పుడు 'ఫారిన్ కాన్ఫిగరేషన్ ఫౌండ్' అని ఆగుతోంది. ఇంపోర్ట్, క్లియర్ అని రెండు ఆప్షన్లున్నాయి. ఏది నొక్కినా డేటా పోతుందని భయం. లైనక్స్ సర్వర్, విద్యార్థుల రికార్డులు అందులోనే ఉన్నాయి. (కరీంనగర్)

జవాబు: ఏ డిస్కు ఏ వాల్యూమ్‌లోదన్న సమాచారం కార్డులోనే కాదు, డిస్కుల మీద కూడా రాసి ఉంటుంది. కొత్త కార్డు దాన్ని చదివి "ఇది నేను రాసింది కాదు" అంటోంది, అంతే. మీరు నొక్కాల్సింది ఇంపోర్ట్. క్లియర్ నొక్కితే ఆ రాత చెరిగిపోతుంది. అయితే ఇంపోర్ట్‌కు ముందు ప్రివ్యూ చూడండి. అన్ని డిస్కులూ కనిపించి వాల్యూమ్ 'ఆప్టిమల్' (అంతా బాగుంది) అని ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. 'డిగ్రేడెడ్' అంటే రెయిడ్ 5లో ఒక డిస్కు తక్కువైందని. ఇంపోర్ట్ చేయొచ్చు గానీ, సర్వర్ లేవగానే మొదట డేటా వేరే చోటికి కాపీ చేసుకోండి.

రెయిడ్ 5లో రెండు డిస్కులు లేవంటే మాత్రం అక్కడే ఆగండి. రెండింట్లో ముందు ఆగిపోయిన డిస్కులో ఉన్నది పాత డేటా. దాన్ని బలవంతంగా ఆన్‌లైన్ చేసి రీబిల్డ్ పెడితే మంచి డేటా మీద పాతది కలిసిపోతుంది. ఆ పరిస్థితిలో డేటా రికవరీ వాళ్లను పిలవడమే మేలు. ఖర్చవుతుంది, కానీ విద్యార్థుల రికార్డులంటున్నారు కదా. ఇంకో సంగతి, కార్డు పోతే అదే కుటుంబానికి చెందిన కార్డే వేయాలి. హెచ్‌పీ స్మార్ట్ అర్రే రాసింది మెగారెయిడ్ కార్డు చదవలేదు.

ఇంపోర్ట్ అయ్యాక కూడా లేవకపోతే డిస్కుల్ని అనుమానించకండి. యూఈఎఫ్ఐ మెషీన్లలో "ఫలానా బూట్‌లోడర్‌తో లేవాలి" అన్న ఎంట్రీ మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. మీ పాత బోర్డుతో పాటు అదీ పోయింది. బూట్ మెనూలో 'బూట్ ఫ్రమ్ ఫైల్' లాంటి ఆప్షన్ తీసుకుని, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మీ లైనక్స్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, బూట్ మొదలుపెట్టే షిమ్ ఫైలును ఎంచుకోండి. లేచాక ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ కమాండ్‌తో ఎంట్రీని శాశ్వతంగా రాసుకోవచ్చు.

గ్రబ్ (లైనక్స్ బూట్‌లోడర్) మెనూ దాకా వచ్చి, ఆ తర్వాత 'డ్రాకట్' అనే ఎమర్జెన్సీ కమాండ్ స్క్రీన్‌లో పడితే అది డ్రైవర్ సమస్య. రెడ్ హ్యాట్ తరహా లైనక్స్‌లు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో (లేచేటప్పుడు కెర్నల్ ముందుగా వాడుకునే చిన్న ఫైళ్ల మూట, దాన్ని కట్టేది డ్రాకట్) ఆ మెషీన్‌కు అవసరమైన డ్రైవర్లే పెట్టుకుంటాయి. కొత్త కార్డుకు వేరే డ్రైవర్ కావాల్సివస్తే వాల్యూమ్ కనిపించదు. గ్రబ్ మెనూ అడుగున 'రెస్క్యూ' అని ఒక ఎంట్రీ ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. అందులో డ్రైవర్లన్నీ ఉంటాయి. దాంతో లేపి, మామూలు కెర్నల్‌కు డ్రాకట్‌తో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారు చేయండి.

ప్రశ్న: నేర్చుకోవడానికి సెకండ్‌హ్యాండ్ డెల్ ఆర్710 కొన్నాను. పెర్క్ హెచ్700 కార్డు స్క్రీన్‌లో వాల్యూమ్ 'ఆప్టిమల్' అని ఉంది. రాకీ లైనక్స్ 9 ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఒక్క డిస్కూ కనిపించడం లేదు. అమ్మినవాడు మోసం చేశాడా? (హైదరాబాద్)

జవాబు: ఆయన్నేమీ అనకండి. రెడ్ హ్యాట్ 8వ వెర్షన్ నుంచి పాత రెయిడ్ కార్డులు చాలావాటికి సపోర్టు తీసేసింది. హెచ్700 అందులో ఒకటి. రాకీ రెడ్ హ్యాట్‌నే అనుసరిస్తుంది. ఇలాంటి లైనక్స్‌లకు అదనపు డ్రైవర్లు అందించే ఈఎల్‌రెపో వాళ్లు ఇచ్చే డ్రైవర్ డిస్కును ఇన్‌స్టాల్ సమయంలో లోడ్ చేయొచ్చు. కానీ కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ సరిపోయిందో లేదో చూసుకోవాలి. నన్నడిగితే ఆ తంటా వద్దు. రెడ్ హ్యాట్ తరహాదే అయిన ఆల్మాలైనక్స్ 9.4 నుంచి ఇలాంటి పాత కార్డుల సపోర్టును తిరిగి చేర్చింది. నేర్చుకోవడానికే కాబట్టి డెబియన్ వేసుకున్నా పని జరుగుతుంది.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ లేవదు. ఎవరో ఒకరు వచ్చి కీబోర్డు నొక్కితే లేస్తుంది. (నెల్లూరు)

జవాబు: మానిటర్ తగిలించి చూడండి. రెయిడ్ కార్డు బ్యాటరీ పాడైందనో, తీసేశారనో మెసేజ్ చూపించి, కీ నొక్కేదాకా ఆగుతూ ఉండొచ్చు. ఆ హెచ్చరికను ఆపేసే ఆప్షన్ కూడా కొన్ని కార్డుల్లో ఉంటుంది, దాని జోలికి పోకుండా బ్యాటరీ మార్పించండి. బ్యాటరీ లేకపోతే కార్డు మామూలుగా రైట్ బ్యాక్ (డేటాను ముందు కార్డు మెమరీలో ఉంచి తర్వాత డిస్కుకు రాయడం) ఆపేసి రైట్ త్రూకి (వెంటనే డిస్కుకే రాయడం) మారుతుంది, సర్వర్ నెమ్మదిస్తుంది. మెసేజ్ బ్యాటరీ గురించి కాకుండా, తేదీ, టైమ్ వెనక్కి వెళ్లి కనిపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినట్టు. దాన్ని మార్చాక బయోస్‌లో బూట్ మోడ్ లెగసీనా, యూఈఎఫ్ఐనా అన్నది మునుపటిలాగే ఉందో లేదో తప్పక చూడండి. సెల్ పోయినప్పుడు ఆ సెట్టింగ్ కూడా మారిపోవచ్చు.