బాపు మొహం ఆగిపోయిందని రౌటర్ కొనకండి

ఈ మధ్యే చదువుకోవడానికి అమెరికా వచ్చిన నర్సంపేట తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఇంటికి వీడియో కాల్ చేస్తే నా మొహం గళ్లుగళ్లుగా కనిపిస్తోందని అమ్మ అంటోంది. మేం తీసుకున్నది 300 ఎంబీపీఎస్ ప్లాన్. కొత్త రౌటర్ కొనాలా?" అన్నాడు. "ఆ 300 నీ బిల్లులో ఉందా, నీ గదిలో ఉందా?" అని అడిగాను. చూడలేదన్నాడు. ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

మాది హన్మకొండ. నేనిక్కడికి వచ్చిన కొత్తలో బాపుతో మాట్లాడుతుంటే మాట మాటకూ బొమ్మ ఆగిపోయేది. ముందు రౌటర్ మార్చాను, తర్వాత సిగ్నల్‌ను ఇంకా దూరం పంపే ఎక్స్‌టెండర్ కొన్నాను, అదీ కాదని ప్లాన్ పెంచాను. బొమ్మ మాత్రం అట్లనే ఆగింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు సంగతి తెలిసింది. రౌటర్ కింది అర్రలో ఇనుప బీరువా వెనుక ఉంది. దుమ్ము పడొద్దని అమ్మ దాని మీద స్టీలు పళ్లెం బోర్లించింది. బాపు ఫోన్ పట్టుకుని కూర్చునేది మేడ మీద. నడుమ స్లాబు. జబ్బు హన్మకొండలో ఉంటే మందు నేను న్యూజెర్సీలో మింగానన్నమాట.

అందుకే ముందు తేల్చాల్సింది, తేడా ఏ కొసన ఉందని. దీనికి రూపాయి ఖర్చు లేదు. కాల్ ఆగినప్పుడు మీ ఫోన్లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద మాట్లాడి చూడండి. బాగైతే లోపం మీ ఇంట్లో ఉంది. కాకపోతే అమ్మనో నాన్ననో అట్లనే చేయమనండి. అప్పుడు బాగైతే లోపం అక్కడి వైఫైది, మీరిక్కడ ఎన్ని డబ్బాలు కొన్నా లాభం లేదు.

లోపం మీ వైపే అనుకుందాం. లాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. వైరు మీద కూడా తక్కువే వస్తే కంపెనీకి ఫోన్ చేయండి, అది లైనో మోడెమో. వైరు మీద బాగా వచ్చి గదిలో తగ్గితే అది వైఫై. ఈ రెండింటినీ కలిపేసుకునే అందరూ డబ్బు తగలేస్తారు. ఇంకో మాట, 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 300 మెగాబైట్లు కాదు. అవి బిట్లు, 8తో భాగించాలి. డౌన్‌లోడ్ 37 దగ్గర ఆగిందని కంపెనీవాళ్లతో కొట్లాడకండి.

వైఫైలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ అపార్ట్‌మెంట్లలో పక్కింటివాళ్ల రౌటర్లన్నీ అందులోనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పడకుండా పనిచేసే చానెళ్లు అందులో మూడే: 1, 6, 11. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే గాలిలోకి దూరుతుంది. పక్కన బువ్వ వేడి చేస్తుంటే కాల్ తెగడం అందుకే. 5 గిగాహెర్ట్జ్ వేగం, రద్దీ తక్కువ, కానీ గోడలంటే దానికి భయం. ఇక్కడి అపార్ట్‌మెంట్ల లోపలి గోడలు చాలావరకు చెక్క ఫ్రేము మీద జిప్సమ్ పలకలు కాబట్టి 5 బాగానే పోతుంది. లాప్‌టాప్‌ను, కాల్ మాట్లాడే ఫోన్‌ను దాని మీదే పెట్టండి. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు మాత్రం ఎక్కువగా 2.4 మీదే పట్టుకుంటాయి.

రౌటర్‌ను బట్టల అల్మారాలో, అద్దం వెనుక, నీళ్ల హీటర్ పక్కన దాచకండి. ఇంటి నడుమ, ఎత్తులో పెట్టండి. నేను చూసిన కంప్లయింట్లలో సగం ఇక్కడే తీరిపోయాయి. ఇనుము, నీళ్లు, అద్దం వెనుక ఉండే లోహపు పూత, ఈ మూడూ సిగ్నల్‌ను మింగేస్తాయి.

ఇక అప్‌లోడ్. కేబుల్ ఇంటర్నెట్ తీసుకున్నవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ప్రకటనలో పెద్దగా రాసేది డౌన్‌లోడ్ అంకె. అప్‌లోడ్ దానికంటే చాలా తక్కువ ఉంటుంది, వీడియో కాల్‌లో మీ మొహం పోయేది దాని మీదే. నర్సంపేట తమ్ముడి కథ ఇక్కడే తేలింది. కాల్ చేసేది రాత్రి తొమ్మిదిన్నరకు, ఎండాకాలంలో అప్పుడు అక్కడ పొద్దున ఏడు. సరిగ్గా అదే టైముకు రూమ్మేట్ ఫోన్ ఆరోజు దావత్ ఫోటోలు, వీడియోలన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తోంది. కాల్ టైములో బ్యాకప్ ఆపమన్నాను. కొత్త రౌటర్ అవసరం రాలేదు. అదీగాక కేబుల్ లైను వీధివాళ్లందరికీ ఉమ్మడి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నెమ్మదించడం మామూలే.

ఇల్లు పెద్దదై, నిజంగానే సిగ్నల్ అందకపోతే? ఎక్స్‌టెండర్ వద్దంటాను. చౌకవి వచ్చిన దారిలోనే తిరిగి పంపుతాయి, వేగం సగానికి పడిపోతుంది. మెష్ మేలు, అంటే ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు మూడు డబ్బాల జత, కానీ దాని డబ్బాల నడుమ వైరు ఉంటేనే పూర్తి ఫలితం. అద్దె ఇంట్లో గోడలకు రంధ్రాలు వేస్తే డిపాజిట్ పోతుంది కదా అంటారు. పాత కేబుల్ టీవీ వైరు గదిగదికీ ఉంటే మోకా అడాప్టర్ల జత దాని మీదే ఇంటర్నెట్ నడిపిస్తుంది. అదీ లేకపోతే బల్లపరుపు వైరు గోడ కింద అంచు వెంబడి పరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఊరి ఇంటి సంగతి. మనవైపు ఇళ్లు ఇటుక గోడలు, ఇనుప చువ్వల స్లాబు. కిందున్న రౌటర్ మేడ మీదికి చేరదు, దాని యాంటెన్నాలు ఎన్నైనా ఉండనీ. లైన్ వేసే అబ్బాయి తనకు దగ్గరని దర్వాజ పక్కనే బిగించి పోతాడు. నేను చేసింది ఇది. మెట్ల వెంబడి ఒక ఈథర్నెట్ వైరు పైకి లాగించాను, 100 మీటర్ల దాకా అది సులువుగా పనిచేస్తుంది. పైన పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే డబ్బాగా పెట్టి, పేరూ పాస్‌వర్డూ కిందిదానివే ఇచ్చాను. కరెంటు పోతే కాల్ తెగకుండా 12 వోల్టుల రౌటర్లకు అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టేజి చూసుకోండి.

ఒక తమాషా. ఆ సెలవుల్లోనే ఒకరోజు బాపు ఫోన్‌కు కనిపించే వైఫై నా అమెరికా లాప్‌టాప్‌కు కనిపించలేదు. గంటసేపు బుర్ర గోక్కున్నాక తేలింది, రౌటర్ తనంతట తాను 13వ చానెల్ ఎంచుకుంది. మన దగ్గర అది మామూలే, అమెరికాలో కొన్నవి చాలావరకు 11 దాటి చూడవు. రౌటర్‌లో 6కు మార్చగానే కనబడింది.

చివరగా, ఫోన్లోనే వైద్యం చేయడానికి ఒక ఉపాయం. రౌటర్ మీది లైట్ల బొమ్మ కాగితం మీద గీసి, ఏది ఏ రంగులో ఉండాలో తెలుగులో రాసి గోడకు అంటించాను. ఎల్‌ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ లైన్‌లో వెలుగు రావడం లేదని అర్థం, ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, లైన్ అబ్బాయిని పిలవాల్సిందే. ఇప్పుడు కాల్ కలవకపోతే మామూలు ఫోన్ చేస్తాను. నేను అడిగేలోపే బాపు, "ఎర్రది వెలుగుతోంది బిడ్డా, మళ్లా కోతులు వైరు గుంజినయి" అంటాడు.