సమాధానం: గుంతలు గుట్టల్లా కనబడుతుంటే

అంగారకుడి నేలను తీసే హైరైజ్ కెమెరా బొమ్మలో గుంతలన్నీ బొబ్బల్లా ఉబ్బి కనిపిస్తున్నాయన్నారు కదా, ఫైలు పాడవలేదండీ. వెలుతురు బొమ్మ పై వైపు నుంచే పడుతుందని మన కన్ను అనుకుంటుంది, అదే చిక్కు. ఈ కెమెరాను మోసే వ్యోమనౌక మార్స్ రికానిసెన్స్ ఆర్బిటర్ ఫొటోలు తీసేది అక్కడ మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో, ఎండ పడమటి నుంచి. ఉత్తరం పైకుండే మ్యాప్ ప్రొజెక్టెడ్ (పటంలా దిక్కులు సరిచేసిన) ఫైల్లో అది ఎడమ పక్క. బొమ్మను గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పండి. నీడ గుంత పై అంచుకు చేరగానే లోతు తెలిసిపోతుంది. మిర్రర్ మాత్రం చేయొద్దు, నేల ఆకారమే తారుమారవుతుంది. ప్రొజెక్ట్ చేయని ఫైలైతే ఈ లెక్క కుదరదు, నీడలు ఏ వైపున్నాయో చూసుకుని తిప్పాలి.

ఈ బొమ్మల్లో రంగు నడిమి పట్టీలోనే ఉండటం కూడా మామూలే: కెమెరాలో ఎరుపుకు 10 సీసీడీలు (వెలుతురును పట్టే చిప్‌లు), నీలం-ఆకుపచ్చకు 2, ఇన్‌ఫ్రారెడ్‌కు 2 అంతే అమర్చారు; రంగు రావాలంటే మూడూ కలవాలి, అవి కలిసేది నడిమినే.