టోపీ పెట్టినా మెదడు మధ్యభాగం చల్లబడదేం?

ప్రశ్న: పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందని శిశువులకిచ్చే శీతల చికిత్సకు కంప్యూటర్ నమూనా చేస్తున్నాను. తలకు చల్లటి టోపీ పెట్టినా మెదడు మధ్యలో ఉష్ణోగ్రత 37 డిగ్రీల కన్నా దిగడం లేదు. తప్పెక్కడ?
– ఒక బయోమెడికల్ విద్యార్థిని

జవాబు: మీరు నమూనాలో ధమని రక్తం ఉష్ణోగ్రతను 37 దగ్గరే కట్టేసినట్టున్నారు. ఒంట్లో వేడి ఎలా పాకుతుందో చెప్పే పెన్నెస్ 1948 నాటి సమీకరణంలో రక్తం మోసుకొచ్చే వేడిదే పైచేయి. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 40 మిల్లీలీటర్ల రక్తం, ఉష్ణవాహకత (వేడిని పాకనిచ్చే గుణం) మీటరుకు, డిగ్రీకి 0.5 వాట్లు వేసి చూడండి: పైనుంచి దిగే చల్లదనం సుమారు 4 మిల్లీమీటర్లకే మూడో వంతుకు పడిపోతుంది. ప్రవాహం సగమైనా 6 మిల్లీమీటర్లే! అంటే మధ్యభాగాన్ని చల్లబరిచేది రక్తమే. ఒళ్లంతా చల్లబరిచే పద్ధతిలో శరీరాన్ని 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచేది అందుకే.

కాబట్టి నమూనాలో మిగతా శరీరాన్ని విడి భాగంగా కలిపి, రక్తం ఉష్ణోగ్రతను కాలంతో మారనివ్వండి. మెదడు చల్లబడేకొద్దీ రక్తప్రవాహాన్ని, జీవక్రియ వేడిని తగ్గించండి. టోపీ ఉష్ణోగ్రతను నేరుగా చర్మానికి అంటగట్టొద్దు. మధ్యలో జుట్టు, గాలి అడ్డుంటాయి.

ముందు నమూనాను టోపీ లేకుండా నడపండి. మధ్యభాగం రక్తం కన్నా డిగ్రీలో కొన్ని పదో వంతులు వేడిగా ఉండాలి. తేడా దాదాపు సున్నా అయితే, ప్రవాహాన్ని నిమిషాల నుంచి సెకన్లలోకి మార్చారో లేదో చూసుకోండి.