టీవీ హక్కులకు కోట్లు పోస్తే ఆటకు ఆదరణ పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ కోట్ల వల్ల కాదు. రాత్రి ఎనిమిదింటికి, ఇంట్లో అప్పటికే వచ్చే చానల్లో, మన భాషలో వస్తే పెరుగుతుంది. నా దగ్గర సర్వేలు లేవు, మా ఊరి దసరా టోర్నమెంటు ఉంది.

మాది పరకాల దగ్గర పల్లె. బడి గ్రౌండులో సున్నంతో గీతలు గీసి కబడ్డీ ఆడించడం మా నాయిన కాలం నుంచీ ఉన్నదే. 2014లో ప్రో కబడ్డీ లీగ్ టీవీలోకి వచ్చింది. క్రికెట్ పెడితే రిమోట్ గుంజుకునే మా అమ్మ కూడా కబడ్డీ పెడితే ఊరుకునేది. ఆట తెలుసు కదా, ఒకరు చెప్పాల్సిన పని లేదు.

2017 దసరా నాటికి ఆ పిచ్చి ఊరంతా పాకింది. రెఫరీ మా రిటైర్డ్ పీఈటీ సారు. గీత పక్కన ఓ పోరడు సెల్‌ఫోన్ పట్టుకుని ముప్పై సెకన్లు గట్టిగా లెక్కబెడుతున్నాడు, ఎవరూ పెట్టమనకుండానే. ఒక జట్టు వరసగా రెండు రెయిడ్లు, అంటే కూతలు, ఖాళీగా పోయి, మూడోవాడు కూడా ఉత్త చేతులతోనే వెనక్కొచ్చాడు. అంతే, అవతలివాళ్లు "డూ ఆర్ డై సార్, వాడు ఔట్!" అని సారు మీదికొచ్చారు. రెండు ఖాళీగా పోయాక మూడోవాడు పాయింటు తేకుంటే ఔటే అన్నది టీవీ రూలు.

"ఏం డై రా? ఈడ ఎవడు సచ్చిండు?"

"టీవీల గట్లనే ఇస్తరు సార్!"

"అయితే టీవీల్నే ఆడుకోపోండ్రి!"

ఆట ఆగిపోయింది. ఊరి పెద్దలు కూర్చుని ఫైనల్‌కు టీవీ రూల్సే అన్నారు. సారు అలిగి వేపచెట్టు కిందికి పోయారు. ఫైనల్ అయ్యేదాకా అక్కడి నుంచే కొత్త రెఫరీకి తప్పులు పడుతూ కూర్చున్నారు.

సరిగ్గా ఆ నెలలోనే, కబడ్డీ చూపించే స్టార్ టీవీ కంపెనీ ఐదేళ్ల ఐపీఎల్ హక్కులకు 16,347.5 కోట్లు పెట్టింది. మా గ్రౌండులో మాత్రం ఎవడూ ధోనీ హెలికాప్టర్ షాట్ గురించి కొట్లాడలేదు. కబడ్డీకి అంత డబ్బు లేదు, కానీ లీగ్ నడిపే కంపెనీలో 74 శాతం వాటా 2015లో స్టారే కొనేసింది. సొంత సరుకు కాబట్టి మంచి టైము ఇచ్చింది, ప్రోమోలు దంచింది. అసలు కిటుకు అదీ.

తర్వాత 2019 ఫిబ్రవరిలో చానళ్లకు ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, పెట్టిన కొత్త రేట్లు వచ్చాయి. ఉచిత చానళ్లకు 130 రూపాయలు, పైన పన్ను, పే చానళ్లకు వేరే లెక్క. కేబుల్ అబ్బాయి కాగితం తెస్తే అమ్మ సీరియళ్లు వచ్చేవాటికే టిక్కు పెట్టింది, స్పోర్ట్స్ ఎగిరిపోయింది. చానళ్లు తగ్గినా బిల్లు మాత్రం పెరిగింది, ఆ విద్య ఏంటో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. అడిగితే "పైనుంచే అంత అన్నా" అంటాడు. పైన ఎవరుంటారో! ఆ ఏడు దసరాకు టోర్నమెంటులో జట్లు సగానికి పడిపోయాయి. పోరగాళ్లు హైదరాబాద్‌కు పనులకు పోయారని కొందరంటారు. నేను ఒప్పుకోను, కేబులే కారణం.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడుకునే యాషెస్ టెస్టు సిరీస్ 2005లో ఉచిత చానల్ అయిన చానల్ 4లో వచ్చింది, దేశమంతా ఊగిపోయింది. మరుసటి ఏడు నుంచి లైవ్ క్రికెట్ డబ్బులు కట్టే స్కై చేతికి పోయింది. బోర్డుకు పైసలొచ్చాయి, మామూలు ఇళ్లల్లోంచి ఆట పోయింది.

2021లో ప్రో కబడ్డీ హక్కులు ఐదేళ్లకు సుమారు 908 కోట్లు పలికాయి. 2023 ఆటగాళ్ల వేలంలో రెయిడర్ పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2.6 కోట్లకు కొన్నదని మా పోరగాళ్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అతని మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా చూశారా అంటే, "రీల్స్ చూసినం అన్నా" అంటారు.