స్వామివారి పద్దు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. చిక్కడపల్లి ఆఫీసు ఖాళీ చేస్తుంటే మీ తాతయ్య, పెదనాన్న, నాన్న కలిసి నడిపిన అపార్ట్‌మెంట్ల కంపెనీ కాగితాలు ఆరు ట్రంకు పెట్టెల్లో బయటపడ్డాయన్నావు. నవల రాయాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. తాతయ్య దగ్గర మాత్రం మొదలుపెట్టకు. కట్టుబట్టలతో నగరానికొచ్చి బిల్డింగులు లేపిన కథ ఆ పెట్టెల్లో దొరకదు. అది మీ ఇంటి పెళ్లిళ్లలో చెప్పుకునే కథ.

ఏ కాగితం చేతికొచ్చినా, ఇది ఎవరికి చూపించడానికి పుట్టిందని అడుగు. ప్లాన్ మున్సిపాలిటీకి. సేల్ డీడ్ సబ్‌ రిజిస్ట్రార్‌కి. బ్రోచర్ కొనేవాళ్లకి. తాతయ్య జేబు డైరీ ఒక్కటే ఎవరికీ చూపించడానికి కాదు. ఒకే ఫ్లాటుకి సేల్ డీడ్‌లో ఒక ధర, డైరీలో ఇంకో ధర కనిపించిందని సిగ్గుపడుతూ రాశావే, నీ నవల అక్కడుంది. ఆ తేడా డబ్బు ఎవరి సంచీలో, ఏ పూట వచ్చింది? కొన్నాయన భార్యకి ఆ సంగతి తెలుసా?

ఇలాంటి జతలే వెతుకు. ప్లాన్‌లో సెల్లార్ అంతా పార్కింగ్ అని ఉంటుంది. పక్క ఫైల్లో అదే సెల్లార్ కిరాయి అగ్రిమెంట్ ఉంటుంది, ఏ జిరాక్స్ షాపుకో. రెండింటి కిందా సంతకం ఒకటే! బ్రోచర్లు కూడా తారీఖుల వారీగా నేలమీద పరిచి చూడు. పాతవాటిలో వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపే. 2016లో కొనేవాళ్ల రక్షణ కోసం రెరా చట్టం వచ్చాకే కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే నేల, లెక్క చెప్పక తప్పలేదు, కొనేవాళ్లిచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచక తప్పలేదు. అంతకుముందు ఒకచోట తీసుకున్న అడ్వాన్సులతో ఇంకోచోట స్లాబ్ వేసినవాళ్లున్నారు. మీవాళ్లు వేశారా లేదా అన్నది బ్యాంకు పాస్‌బుక్కు పక్కన సిమెంటు బిల్లులు పెట్టుకుంటే తేలిపోతుంది. చట్టాల గురించి ఇంతకుమించి వద్దు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం మీద నువ్వు రాసి పంపిన నాలుగు పేజీలు తీసెయ్.

అలాగని ప్రతి పద్దులోనూ దొంగను వెతక్కు. నా వయసు ముప్పై దాటని రోజుల్లో మా చుట్టాల్లో ఒక కాంట్రాక్టరు చిట్టా చదివాను. నెలనెలా ‘స్వామివారికి’ అని ఒక పద్దు. ఇంకేముంది, లంచానికి మారుపేరు అనుకుని కథ రాసేశాను, అచ్చయింది కూడా. ఆయన చదివి పగలబడి నవ్వాడు. అది నిజంగానే తిరుపతి హుండీకి తీసిపెట్టిన డబ్బట. ‘మరి లంచాలు?’ అన్నాను. ‘టీ, టిఫిన్ల కింద రాసేవాణ్ణి’ అన్నాడు. తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు, కథ తప్పయినందుకో, టిఫిన్ల సంగతి నాకు చెప్పుకున్నందుకో ఇప్పటికీ తెలీదు.

మీ పెట్టెల్లో ఉన్నది మీవైపు లెక్క. స్థలం ఇచ్చినవాళ్ల వైపు చూడాలంటే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లలో చివరి పేజీలు చూడు. పెంకుటిల్లు ఇచ్చి నాలుగు ఫ్లాట్లు తీసుకున్న అన్నదమ్ముల సంతకాలుంటాయి. దానికి ముందే అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకుంటూ రాసిచ్చిన విడుదల పత్రం ఉందేమో వెతుకు. ఉంటే దాని కింద వేలిముద్ర దగ్గర కాసేపు ఆగు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పత్రాలు, తెగిన చోట సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించుకోవచ్చు. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఈసీ అయితే ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకంటే పాతది కావాలంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే, ఓపిక తెచ్చుకో.

పాలమూరు నుంచి వచ్చి ఇటుకలు మోసినవాళ్ల పేర్లు ఈ ఫైళ్లలో పెద్దగా ఉండవు. ‘లేబర్’ అని ఒక్క మాట, పక్కన మొత్తం. కానీ నీటి ట్యాంకర్లు ఎన్నొచ్చాయో వాచ్‌మెన్ గీతలు గీసిన నోటుబుక్కు ఒకటి దొరికిందన్నావు కదా. దాన్ని పాత పేపర్లవాడికి వేయబోయావని చదివి నాకు గుండె ఆగినంత పనైంది. ఏ వేసవిలో గీతలు ఎక్కువున్నాయో చూడు. బోరు ఎండిన నెలలో స్లాబ్ తడపడానికి నీళ్లు ఎవరు మోశారో మీ పెదనాన్నను అడుగు, ఆయనకి జ్ఞాపకశక్తి ఉన్నప్పుడే.

కొన్నవాళ్ల పేర్లు, ఫ్లాటు నంబర్లు నవలలోకి రానివ్వకు. పిన్నులు తుప్పు పట్టాయని కాగితాలు విడదీయకు, ఏది దేనికి గుచ్చి ఉందో అదీ ఒక ఆధారమే. ముందు ఫోన్లో ఫొటోలు తీసుకో.

ఉర్దూలో ఉన్న ముంతకబ్ కాగితాలు, అవే నిజాం కాలం నాటి ఇనాము హక్కు పత్రాలు, మాత్రం పక్కన పెట్టు. ఆదివారం భోజనం చేసి వస్తాను, కూర్చుని చదువుదాం. నా కళ్లద్దాలు కొత్తవే.

మీ అన్నయ్య