ఆరాధనలో మనసు నిలవడం లేదన్న సిస్టర్‌కి

వందనాలు సిస్టర్. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌లో చర్చికి వచ్చేసరికే మొదటి పాట అయిపోతోంది, కూర్చున్నాక వంటా, తోటికోడలితో మాటపట్టింపే గుర్తొస్తున్నాయి అన్నారు. నాకైతే ఇది ఆదివారం పొద్దున మొదలైన సమస్యలా లేదు. శనివారం రాత్రిది.

ముందు తోటికోడలి సంగతి. మత్తయి సువార్త 5:23-24లో ప్రభువు అర్పణను బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు. శనివారం ఫోన్ చేసి రెండు మాటలు మాట్లాడండి. ఆవిడ ముభావంగా ఉంటే ఉండనివ్వండి, మీ వంతు మీరు చేశారు. మా ఇంట్లో ఇలాంటి ఫోను చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ప్రభు బల్ల దగ్గర, అంటే ప్రభువును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే చోట, నేను తీసుకున్నది రొట్టె ముక్క మాత్రమే!

చీరలు, ఇస్త్రీ, మసాలా నూరడం కూడా శనివారమే కానిచ్చేయండి.

ఇక ప్రయాణం. బైబిల్లోని కీర్తనల్లో 120 నుంచి 134 వరకు 15 యాత్ర కీర్తనలు. పండుగలకు యెరూషలేముకు నడిచి ఎక్కేవాళ్లు దారిలో పాడుకునేవారని చెబుతారు. మెట్రోలో వాట్సాప్ మూసేసి వారానికొకటి చదవండి. 131తో మొదలుపెట్టండి, మూడే వచనాలు. పాలు మాన్పించిన పిల్ల తల్లి ఒడిలో ఊరుకున్నట్టు ప్రాణాన్ని ఊరుకోబెట్టుకున్నానంటాడు దావీదు. పాలకోసం ఏడవడం లేదు, ఊరికే ఒడిలో ఉంది, అంతే.

పాట మధ్యలో వంట గుర్తొస్తే కంగారుపడకండి, మళ్లీ పాటలోకి రండి. పది నిమిషాలు ముందొస్తే మాత్రం గుమ్మం దగ్గర కబుర్లలో పడకండి. నా బలహీనత అదే.