డిస్క్ బర్న్ చేసే ముందు, చిట్టీ

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, మాటల మధ్యలో నీ సంగతి చెప్పాడు. మీ సంగీతం టీచరుగారి పాత టేపులన్నీ డీవీడీలుగా చేసి ఆవిడకీ, శిష్యులకీ ఇస్తానని ఒప్పుకున్నావట. డీవీడీలు తయారుచేసే అడోబీ ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ నేర్పే లావుపాటి గైడు ఒకటి ఎక్కడో సంపాదించి, రాత్రిళ్లు దాంతోనే కూర్చుంటున్నావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఈ రోజుల్లో డీవీడీ చేయడం నేర్చుకునే పిల్ల మనింట్లో తేలిందా అని. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ముందు మామూలు సంగతులు కానీ.

పాత సాఫ్ట్‌వేర్ ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఎన్‌కోర్ 2012లో వచ్చిన సీఎస్6 దగ్గరే ఆగిపోయింది. ఇక కొత్త వెర్షన్ రాదు కాబట్టి నీ పుస్తకమూ పాతబడదు. మా రోజుల్లో గైడు సగం అయ్యేసరికి కొత్త వెర్షన్ దిగేది, పేజీలో బొమ్మ వేసిన బటన్ స్క్రీన్ మీద ఎంత వెతికినా ఉండేది కాదు. పుస్తకం ఏ వెర్షన్‌కి రాసిందో, నీ దగ్గరున్నదీ అదేనో ఒక్కసారి చూసుకో, చాలు.

పుస్తకంలో అభ్యాసాలు ఒకసారి వాళ్లు చెప్పినట్టే, వాళ్లిచ్చిన ఫైళ్లతోనే చెయ్యి. వెంటనే అదే పని నీ టేపులోంచి మూడు నిమిషాల ముక్క తీసుకుని మళ్లీ చెయ్యి. ఇది మానకు. పుస్తకంవాళ్ల ఫైళ్లు బుద్ధిమంతులు, సైజు, రేటు అన్నీ ముందే సరిచేసి ఉంటాయి. నీ టేపులు అలా ఉండవు. టేపు పాల్‌లో (PAL, మన దేశపు టీవీ పద్ధతి) ఉంటే డిస్కూ పాల్‌లోనే, 720×576, సెకనుకు 25 ఫ్రేములు. టీవీలో చేతులు కదిలినప్పుడు బొమ్మ ముందుకీ వెనక్కీ వణికినట్టు కనిపిస్తే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఫ్రేములోని సరి, బేసి గీతలు వచ్చే వరస, తిరగబడిందని అర్థం, టేపు పాడైందని కంగారుపడకు.

లెక్క ఒకటుంది. గైడులో అది ఏ మూలనో ఉంటుంది, నువ్వు మాత్రం గోడకి అంటించుకో. మామూలు డిస్క్ 4.7 జీబీ అంటారు, కంప్యూటర్ 4.37 అని చూపిస్తుంది. మోసం కాదు, ఒకరు వెయ్యితో లెక్కేస్తారు, ఇంకొకరు 1,024తో. బిట్లలో చెప్పుకుంటే 37,600 మెగాబిట్లు. దీన్ని నీ వీడియో సెకన్లతో భాగించు. రెండు గంటలంటే 7,200 సెకన్లు, సెకనుకు 5.2 మెగాబిట్లు వస్తుంది. మెనూలకీ మిగతావాటికీ కొంత వదిలి 5 అనుకో. అందులో ఆడియో పోగా మిగిలింది వీడియోకి. ఆడియోని పీసీఎంలో, అంటే ఏమీ కుదించకుండా, వదిలేస్తే అదే ఒకటిన్నర మెగాబిట్లు తినేస్తుంది, బొమ్మకి మూడున్నరే మిగులుతుంది. ధ్వనిని కుదించే డాల్బీ డిజిటల్‌లోకి మార్చు. అందరూ 192 కిలోబిట్లు చాలంటారు, నీది పాట కాబట్టి 256 ఇవ్వు. ఇంకోమాట. డీవీడీలో వీడియో 9.8 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చని పుస్తకంలో ఉంటుంది. నిజమే, కానీ ఇంట్లో బర్న్ చేసిన డిస్క్‌ని అంత దూరం తీసుకెళ్తే పాత ప్లేయర్లు మధ్యలో నత్తినత్తిగా ఆడతాయి. చిన్న వీడియో అయినా సరే, 8 దాటనివ్వకు.

చాప్టర్ పాయింట్లు, అంటే రిమోట్‌తో నేరుగా దూకే గుర్తులు, పాటకొకటి. పాట ఎత్తుకోవడానికి అర సెకను ముందే పెట్టు.

ఇక నిద్ర పట్టకుండా చేసిన సంగతి.

మాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు రిటైరయినప్పుడు సన్మాన సభ చేశాం. వీడియో, డీవీడీ నా నెత్తిన వేసుకున్నాను. అప్పటికి నేనూ నీలాగే గైడు ముందు పెట్టుకుని నేర్చుకుంటున్నవాణ్ణే. సభకి రెండు టైమ్‌లైన్లు, అంటే రెండు వీడియో భాగాలు, పెట్టాను. అందరూ మాస్టారి గురించి మాట్లాడింది మొదటిది, మాస్టారు మాట్లాడింది రెండోది. మెనూకే మూడు రాత్రులు పట్టింది. వెనకాల మా పాత గ్రూప్ ఫోటో, దాని మీద లేత గోధుమరంగులో రెండు బటన్లు. ఎంత మురిసిపోయానో! మెనూల మీద ఆ గైడులో నలభై పేజీలుంటే నలభైనీ నమిలేశాను. ఎండ్ యాక్షన్ మీదున్న అర పేజీని మాత్రం తర్వాత చూద్దాంలే అని దాటేశాను.

ఒక టైమ్‌లైన్ అయిపోయాక ప్లేయర్ ఎటు వెళ్లాలో చెప్పేదే ఎండ్ యాక్షన్. మొదటి భాగం అవగానే రెండోదానికి వెళ్లమని నేను చెప్పాలి. చెప్పలేదు. అది తిరిగి మెనూకి వచ్చేసేది. ఇదొక్కటే అయితే పెద్ద నష్టం లేదు, రెండో బటన్ నొక్కుకుంటారు. కానీ రిమోట్‌తో కిందికీ పైకీ జరిగినప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో తెలియడానికి హైలైట్ వెలుగుతుంది చూడు, దానికి కూడా అదే లేత గోధుమరంగు వేశాను. పైగా అందంగా ఉంటుందని ఒపాసిటీ, అంటే రంగు చిక్కదనం, బాగా తగ్గించాను. ఇక టీవీలో ఏ బటన్ మీద ఉన్నామో దేవుడికే తెలియాలి.

మరి టెస్ట్ చేయలేదా అంటావు. చేశాను. కంప్యూటర్లో, మౌస్‌తో. నేరుగా రెండో బటన్ మీద క్లిక్ చేస్తే రెండో భాగం చక్కగా వచ్చింది. మౌస్‌కి హైలైట్‌తో పనేముంది? అరవై కాపీలు కొట్టి పంచాను. అందరూ బాగుందన్నారు.

రెండేళ్ల తర్వాత మాస్టారింటికి వెళ్తే ఆయనే ఎత్తారు. “డీవీడీ బాగా చేశావురా. నా ఉపన్యాసం తీసేసి మంచి పని చేశావు, ఆ రోజు మరీ సాగదీశాను” అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. డిస్క్ వేయమన్నాను. మొదటి భాగం చివరికి జరిపితే మెనూ వచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, రిమోట్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో కింది బాణం నొక్కారు. తెర మీద ఏమీ కదల్లేదు. నొక్కడం సరిగా పడలేదేమోనని ఇంకోసారి నొక్కారు. ఉన్నవి రెండే బటన్లు, రెండోసారికి మళ్లీ మొదటి బటన్ మీదికే వచ్చేసింది. ఓకే నొక్కారు. మొదటి భాగం మళ్లీ మొదలైంది. “ఇంతే కదరా” అన్నారు.

ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుని, ఒక్కసారే కిందికి నొక్కి ఓకే కొట్టాను. తెర మీద మాస్టారే వచ్చారు, మైకు సరిచేసుకుంటూ. పక్కన కూర్చున్న మాస్టారు ఏమీ అనలేదు, కుర్చీ కొంచెం ముందుకి లాక్కున్నారు.

రెండేళ్లపాటు తన మాటలు కోసేశానని అనుకుంటూనే నన్ను మెచ్చుకున్నారు చిట్టీ ఆయన. మిగతా 59 మందిలో ఎంతమంది ఆ భాగం చూశారో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. సరిచేద్దామంటే ప్రాజెక్ట్ ఫైళ్లు లేవు, హార్డ్‌డిస్క్ నిండిపోతోందని ఎప్పుడో చెరిపేశాను. చివరికి ఆ డిస్క్‌లోంచే వీడియో బయటికి తీసి, మెనూ అన్నదే లేకుండా, ట్రేలో పెట్టగానే ఆయన మాటలతో మొదలయ్యే డిస్క్ ఒకటి చేసి ఇచ్చాను.

ఇప్పుడు తెలిసిందా, మీ నాన్న నువ్వు కదిలే మెనూ చేస్తున్నావని గొప్పగా చెప్పినప్పుడు నాకెందుకు గుండె జారిందో? మొదటి వారమే కదిలే మెనూలు ఎవరు చేయమన్నారమ్మా నిన్ను? ముందు కదలని మెనూ ఒకటి సరిగా పనిచేయనీ. నాలుగేళ్లప్పుడు మా టీవీ రిమోట్‌లో బ్యాటరీలు పీకి తలగడ కింద దాచావు గుర్తుందా, అప్పట్నుంచీ నీకు దేన్నైనా లోపలికి వెళ్లి చూడాల్సిందే. అది నీలో నాకు చాలా ఇష్టం. అందుకే తిడుతున్నాను, వేరే ఏం కాదు.

హైలైట్ రంగు వెనకదానికి పూర్తిగా ఎదురుగా ఉండాలి. ముదురు మెనూ మీద పసుపు వెయ్యి, మొరటుగా ఉన్నా పర్వాలేదు. అంచుల దగ్గర అక్షరాలు పెట్టకు, పాత టీవీలు అంచులు మింగేస్తాయి, నాలుగు వైపులా పదో వంతు వదిలెయ్యి. ఎన్‌కోర్‌లో ప్రివ్యూ కింద రిమోట్ బాణాలు ఉంటాయి, మౌస్‌తో మెనూని తాకకుండా వాటితోనే తిరుగు. బిల్డ్ చేసే ముందు, అంటే ప్రాజెక్ట్‌ని డిస్క్‌గా తయారుచేసే ముందు, చెక్ ప్రాజెక్ట్ నడుపు. ఎండ్ యాక్షన్ పెట్టని చోట్లు, తెగిన లింకులు, ఒకదాని మీదొకటి ఎక్కిన బటన్లు అన్నీ పట్టిస్తుంది. హైలైట్ కంటికి ఆనుతుందో లేదో మాత్రం అది చెప్పలేదు.

అది చెప్పాల్సింది మనిషే. మొదటి డిస్క్ డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద కొట్టు, తప్పొస్తే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. దాన్ని ప్లేయర్లో వేసి, రిమోట్ మీ అమ్మకివ్వు. నువ్వు వెనకాల నిలబడు. “అక్కడ నొక్కు” అని నోరు జారావో, ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. టీచరుగారికి ఇచ్చే కాపీకి మాత్రం మెనూయే వద్దు. ఫస్ట్ ప్లే, అంటే డిస్క్ వేయగానే మొదట ఆడేది, నేరుగా మొదటి పాటకి పెట్టి, ఎండ్ యాక్షన్లు ఒకదాని వెంట ఒకటి కలుపు. ఆవిడ ట్రే మూస్తే చాలు, పాట రావాలి. నీ కదిలే మెనూ శిష్యుల కాపీల్లో పెట్టుకో, ముచ్చట తీరుతుంది.

టేపులు, క్యాప్చర్ చేసిన ఫైళ్లు, ప్రాజెక్ట్ ఫోల్డర్ దేన్నీ చెరపకు. చోటు లేకపోతే ఇంకో హార్డ్‌డిస్క్ నేను కొనిస్తాను, మీ నాన్నని అడగకు.

ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఇంకోటి కొట్టి నాకు పంపు. నా ప్లేయర్ ట్రే పక్కన వేలితో తడితే గానీ బయటికి రాదు, అలాంటిదాంట్లో ఆడితే ఎక్కడైనా ఆడినట్టే. నేను చూసి, ఎన్నిసార్లు నొక్కానో లెక్క రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. డిస్కుల మీద కాగితం లేబుళ్లు అంటించకు. అవి ఊడొచ్చి ప్లేయర్లో ఇరుక్కుంటాయి. మెత్తటి ములికి ఉన్న డిస్క్ మార్కర్‌తో రాయి. నీ చేతిరాత బాగానే ఉంటుంది.